బానిసత్వం పోయింది సరే, పిల్లలు ఎవరి దగ్గర ఉండాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

బాల్టిమోర్, వాషింగ్టన్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళలో ఓషన్ సిటీ బీచ్‌కి వెళ్ళనివాళ్ళు తక్కువ. బే బ్రిడ్జి దాటి రూట్ 50 మీద పోతుంటే ఈస్టన్ అనే ఊరు తగులుతుంది. గ్యాస్ కొట్టించుకుని, పిల్లలకి చిప్స్ కొనిచ్చి మళ్ళీ బండెక్కే ఊరు. టాల్బట్ కౌంటీకి (మన జిల్లా లాంటిది) అదే ముఖ్యపట్టణం, కోర్టు కూడా అక్కడే. 1864 నవంబర్ మొదటి వారంలో, బానిసత్వం నుంచి అప్పుడే విడుదలైన నల్లవాళ్ళ పిల్లల్ని పాత యజమానులు 'అప్రెంటిస్' పేరుతో మళ్ళీ తమ దగ్గరే ఉంచేసుకోవడానికి ఆ ఊళ్ళో జరిపిన వ్యవహారం గురించే ఇక్కడ ఎక్కువగా రాశాను. అమెరికా చరిత్ర మనకు స్కూల్లో లింకన్‌తో మొదలై లింకన్‌తోనే అయిపోతుంది కాబట్టి, ఈ సంగతి చెప్పినప్పుడల్లా నన్ను అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు.

అప్రెంటిస్ అంటే ఐటీఐ అయ్యాక రైల్వేలో చేసేదే కదా? అందులో తప్పేముంది?

పేరు అదే, సంగతి వేరు. ఇంగ్లండ్ నుంచి అమెరికాకు వచ్చిన పాత పద్ధతి ఒకటుంది. తల్లిదండ్రులు లేని పిల్లల్నీ, ఉన్నా పోషించలేని ఇళ్ళ పిల్లల్నీ కోర్టు ఒక యజమానికి అప్పగించేది. మగపిల్లాడైతే 21 ఏళ్ళు, ఆడపిల్లైతే 18 ఏళ్ళు వచ్చేదాకా అక్కడే ఉండాలి. యజమాని తిండీ బట్టా పెట్టి ఏదో ఒక పని నేర్పాలి, పిల్ల జీతం లేకుండా పని చేయాలి. తెల్ల పిల్లల్నీ ఇలా పెట్టేవాళ్ళు.

మన ఊళ్ళల్లో పిల్లాణ్ణి ఆసామి దగ్గర 'జీతానికి పెట్టడం' తెలిసినవాళ్ళకు ఇది కొంత అర్థమవుతుంది. కాకపోతే అక్కడ అప్పు తీర్చలేక తండ్రే తీసుకెళ్ళి అప్పజెప్పేవాడు. నేను చెప్పబోయే కేసుల్లో తండ్రినీ తల్లినీ అడిగినవాడే లేడు.

బానిసత్వం రద్దయ్యాక యజమానులకు ఈ చట్టంతో ఏం పని పడింది?

ముందు తేదీలు చూడండి. 1863 జనవరి 1 నాటి లింకన్ ప్రకటన తిరుగుబాటు చేసిన రాష్ట్రాలకే వర్తించింది. అంతర్యుద్ధంలో మేరీలాండ్ యూనియన్‌తోనే, అంటే లింకన్ ప్రభుత్వం వైపే, ఉండిపోయింది కాబట్టి అక్కడి బానిసలకు దానివల్ల ఒరిగిందేమీ లేదు. వాళ్ళకు విడుదల వచ్చింది ఆ రాష్ట్రం రాసుకున్న కొత్త రాజ్యాంగంతో. అది 1864 నవంబర్ 1న అమల్లోకి వచ్చింది.

ఆ వెంటనే టాల్బట్ కౌంటీలో పాత యజమానులు ఆర్ఫన్స్ కోర్టుకు పరుగులు తీశారు. పేరుకు అనాథల కోర్టు. వీలునామాలు, మైనర్ల వ్యవహారాలు చూసేది అదే. అక్కడి సైనికాధికారి, ప్రొవోస్ట్ మార్షల్ ఆండ్రూ స్టాఫర్డ్, పైవాళ్ళకు రాసిన ఉత్తరంలో ఒక మాట ఉంది. పన్నెండు, పద్నాలుగేళ్ళ మగపిల్లల్ని తల్లిదండ్రులు పోషించలేరన్న సాకుతో తీసుకుపోతున్నారు, ఇంకా చిన్నపిల్లల్ని మాత్రం అదే తల్లిదండ్రుల దగ్గర వదిలేస్తున్నారు అని.

ఆ మాట దగ్గర ఒక్క నిమిషం ఆగండి. పద్నాలుగేళ్ళవాడు ఏదో పని చేసి ఇంటికి నాలుగు గింజలు తెస్తాడు. మూడేళ్ళది తినడమే తప్ప తెచ్చేదేం ఉండదు. పేదరికం చూసి జాలిపడే కోర్టైతే ముందు ఎవరిని తీసుకోవాలి?

చట్టంలో మాటలు మాత్రం మెత్తగా ఉన్నాయి. స్వేచ్ఛగా ఉన్న నల్లవాళ్ళ బిడ్డను తెల్లవాళ్ళ దగ్గర పనికి పెట్టడం ఆ బిడ్డ 'అలవాట్లకూ సుఖానికీ' మంచిదని కోర్టుకు తోస్తే చాలు, పెట్టేయొచ్చు. ఇది బానిసత్వం ఉన్న రోజుల్లోనే, అప్పటికే విడుదలైన నల్ల కుటుంబాల కోసం రాసిపెట్టుకున్న సెక్షన్. నవంబర్ 1 తర్వాత రాష్ట్రంలో నల్ల కుటుంబాలన్నీ విడుదలైనవే. అంటే పాత సెక్షన్ రాత్రికి రాత్రి అందరి మీదా పనిచేయడం మొదలెట్టింది. కొత్తగా ఒక్క అక్షరం రాయనక్కర్లేకపోయింది.

తల్లీ తండ్రీ బతికుండగా పిల్లలు అనాథలెలా అయ్యారు?

మూడు దారుల్లో. మొదటిది పెళ్ళి. బానిసల పెళ్ళిని చట్టం పెళ్ళిగా ఒప్పుకోలేదు. పాతికేళ్ళు కాపురం చేసినా కాగితం మీద ఆ పిల్లలకు తండ్రి లేడు. పెళ్ళి కాని తల్లి బిడ్డను కోర్టు పనికి పెట్టొచ్చన్నది పాత నియమం. రెండోది, తల్లినో తండ్రినో యజమానే ఎప్పుడో వేరే రాష్ట్రానికి అమ్మేసి ఉంటాడు. ఇప్పుడు ఆ పిల్లకు 'నా' అన్నవాళ్ళు లేరని కోర్టుకు వచ్చి చెప్పేదీ ఆయనే. మూడోది పోషించే స్తోమత. నిన్నటిదాకా కూలి అన్నది ఎరగని మనిషిని ఈ రోజు నిలబెట్టి 'నీకు ఇల్లుందా, డబ్బుందా' అని అడిగితే ఏం చెబుతుంది?

మొదటి దారి మూసేయడానికి జనం ఎంత తొందరపడ్డారో నార్త్ కరోలినాలో కనిపిస్తుంది. 1866లో ఆ రాష్ట్రం పాత కాపురాలను పెళ్ళిళ్ళుగా గుర్తిస్తూ చట్టం చేసింది. కౌంటీ గుమస్తా దగ్గరికి వెళ్ళి 25 సెంట్లు కట్టి నమోదు చేయించుకోవాలి. మనవాళ్ళు వీసా కోసం మ్యారేజ్ సర్టిఫికెట్ తీసుకున్నట్టు, నడివయసు జంటలు, ముసలి జంటలు వచ్చి రాయించుకున్నారు. ఆ కాగితానికి ప్రేమ ఎంత కారణమో పిల్లల మీది భయం కూడా అంతే కారణమని నాకనిపిస్తుంది.

యజమానులకు ఇంతకీ లాభం ఏమిటి?

ఏళ్ళ తరబడి కూలి ఇవ్వనక్కర్లేని పని. దానికి తోడు బిడ్డ ఒక ఇంట్లో ఉంటే తల్లి ఆ ఊరు విడిచిపోదు. ఎంత కూలి ఇస్తే అంతకే ఆ పొలంలో చేస్తుంది.

తల్లులు ఊరుకున్నారా?

లేదు. నేను చదివినవాటిలో మరవలేనిది జేన్ కాంపర్ అనే ఆవిడ వాంగ్మూలం. 1864 నవంబర్ 14న బాల్టిమోర్‌లో రాయించింది. పట్టుమని పది వాక్యాలు కూడా ఉండవు. టాల్బట్ కౌంటీలో విలియం టౌన్సెండ్ అనే ఆయన దగ్గర బానిసగా ఉండేది. నాకు స్వేచ్ఛ వచ్చింది, నా పిల్లల్నీ నా పక్కబట్టల్నీ ఇచ్చెయ్యండి అని అడిగింది. నువ్వు వెళ్ళొచ్చు గానీ పిల్లలు నా దగ్గరే కట్టుబడి ఉండాలి అన్నాడాయన. ఆవిడకు దొరక్కుండా పిల్లల్ని ఒకచోట పెట్టి తాళం వేశాడు. తర్వాత ఎలాగో దొంగచాటుగా వాళ్ళను బయటికి తెచ్చుకుని బాల్టిమోర్ పడవ ఎక్కింది. ఆయన పడవదాకా వెంటపడ్డాడు. పిల్లల్ని పడవలోనే ఎక్కడో దాచేసింది.

ఇదంతా చెప్పాక ఆవిడ అడిగింది ఒక్కటే. నా పక్కబట్టలూ సామానూ నాకు ఇప్పించండి అని. కింద సంతకం చోట ఇంటూ గుర్తు. కన్నబిడ్డల్ని దొంగతనంగా తెచ్చుకోవాల్సి వచ్చిందన్న సంగతి కంటే, ఆ దుప్పట్ల మాటే నన్ను ఎక్కువగా పట్టుకుంది. పిల్లలు ఎలాగూ తనవాళ్ళే, తెచ్చుకుంది, అక్కడితో ఆ లెక్క అయిపోయింది. రాత్రికి పడుకోబెట్టాలి కదా, ఇక కావలసింది దుప్పట్లు.

ఆ వాంగ్మూలం రాయించుకునే ఆఫీసు అప్పటికి పెట్టి వారం కూడా కాలేదు. ఆ ప్రాంతపు సైన్యానికి పెద్ద జనరల్ లూ వాలెస్ నవంబర్ 9న ఒక ఉత్తర్వు ఇచ్చాడు. విడుదలైనవాళ్ళందరూ సైన్యం రక్షణలో ఉంటారని, వాళ్ళ ఫిర్యాదులు మేజర్ విలియం ఎస్టీ చూస్తాడని అందులో ఉంది. నిలువనీడ లేనివాళ్ళకోసం బాల్టిమోర్ పెద్దమనుషులు కాలక్షేపం చేసే మేరీలాండ్ క్లబ్ భవనాన్ని తీసుకుని 'ఫ్రీడ్‌మన్స్ రెస్ట్' అని పేరు పెట్టాడు. ఆ క్లబ్ సభ్యుల మొహాలు ఎలా ఉండి ఉంటాయో ఊహించుకోవచ్చు.

తండ్రులు ఎక్కడున్నారు?

చాలామంది యూనియన్ సైన్యంలో. మగవాడు యుద్ధంలో ఉన్నప్పుడు ఇంటి దగ్గర పిల్లల్ని ఎవరో ఉంచేసుకున్నారన్న కబురు అందడం ఆ సైనికులకు పెద్ద టెన్షన్. మిస్సోరిలో స్పాట్స్‌వుడ్ రైస్ అనే సిపాయి ఉత్తరం ఇందులో అందరికీ తెలిసింది. 1864 సెప్టెంబర్‌లో సెయింట్ లూయిస్ దగ్గర బెంటన్ బారక్స్ ఆస్పత్రిలో ఉండి రాశాడు. మిస్సోరిలో అప్పటికింకా బానిసత్వం రద్దు కాలేదు, 1865 జనవరిలో అయింది. ఆయన కూతురు మేరీని ఉంచుకున్న కిటీ డిగ్స్ అనే ఆవిడ, నా సొత్తును దొంగిలించాలని చూస్తున్నాడని ఆయన మీద నింద వేసింది. పిల్లలు నా సొంతం, నీ ఆస్తి కాదు. నా బిడ్డను ఎన్నాళ్ళు పట్టి ఉంచుకుంటే అన్నాళ్ళూ నరకంలో కాలుతావు అన్న అర్థంలో జవాబు రాశాడు. ఒకప్పుడు నా బిడ్డకోసం నీకు నలభై డాలర్లు ఇస్తానన్నాను, నువ్వు తీసుకోకపోవడమే మంచిదైంది అని కూడా అన్నాడు. ఆ మేరీయే 1937లో ముసలితనంలో తన కథ చెప్పుకుంది. అంటే తండ్రి దగ్గరికి చేరిందనే.

మేరీలాండ్ ఒక్కచోటేనా?

కాదు. యుద్ధంలో ఓడిపోయిన రాష్ట్రాలు ఇంకా బాహాటంగా చేశాయి. మిస్సిసిపీ 1865 నవంబర్‌లో ప్రత్యేకంగా నల్ల పిల్లలకోసమే అప్రెంటిస్ చట్టం తెచ్చింది. ప్రతి కౌంటీలో షెరీఫ్‌లూ ఇతర అధికారులూ ఏడాదికి రెండుసార్లు, 18 ఏళ్ళలోపు అనాథల, పేదల పిల్లల జాబితా కోర్టుకు ఇవ్వాలి. ఆ పిల్లల్ని ఎవరికి ఇవ్వాలన్న ప్రశ్న వస్తే, తగినవాడని కోర్టు అనుకుంటే మొదటి హక్కు పాత యజమానిదే. కొట్టే అధికారం కూడా రాసిచ్చారు. పారిపోతే వెంటాడి పట్టుకు రావొచ్చు. పారిపోవడానికి ఎవరైనా ప్రోత్సహిస్తే అది నేరం. ఆ 'ఎవరైనా'లో కన్నతల్లి కూడా పడుతుందని వేరే చెప్పాలా? పదిహేనేళ్ళలోపు పిల్లలకు చదవడం రాయడం నేర్పించాలన్న షరతు మాత్రం అందులో ఉంది. ఆ మాటకు మేరీలాండ్ కంటే అదే నయం, కాగితం మీద.

నార్త్ కరోలినా 1866 చట్టంలోనూ పాత యజమానికే ముందు అవకాశం.

ఎలిజబెత్ టర్నర్ కేసు ఎందుకంత ముఖ్యం?

మళ్ళీ టాల్బట్ కౌంటీకే వద్దాం. ఎలిజబెత్, ఆమె తల్లి, ఇద్దరూ ఫిలెమన్ హాంబుల్టన్ అనే ఆయన బానిసలు. 1864 నవంబర్ 1న విడుదలయ్యారు. నవంబర్ 3 తేదీతో ఎలిజబెత్ అదే హాంబుల్టన్‌కు అప్రెంటిస్ అంటూ ఒప్పంద పత్రం తయారైంది. మధ్యలో ఒక్క రోజు. నేర్పాల్సిన విద్య ఏమిటయ్యా అంటే ఇంటిపని. అప్పటిదాకా ఆ ఇంట్లో చేస్తున్నదేమిటి మరి?

దాదాపు మూడేళ్ళ తర్వాత, 1867 అక్టోబర్‌లో, బాల్టిమోర్‌లోని ఫెడరల్ (కేంద్ర) కోర్టులో ఆమె తరఫున హెబియస్ కార్పస్ పిటిషన్ పడింది. మన పేపర్లలో తరచు కనిపించే మాటే. ఒక మనిషిని అక్రమంగా పట్టి ఉంచారు, కోర్టు ముందుకు తెమ్మనండి అని అడగడం. హెన్రీ స్టాక్‌బ్రిడ్జ్ అనే లాయరు వాదించాడు. విన్నది సామాన్య జడ్జి కాదు, సర్క్యూట్ మీద, అంటే ఊళ్ళు తిరుగుతూ కేసులు వినే పని మీద, వచ్చిన సుప్రీంకోర్టు చీఫ్ జస్టిస్ సాల్మన్ చేజ్. తర్వాతి కాలంలో పదివేల డాలర్ల నోటు మీద వేసిన బొమ్మ ఈయనదే. హాంబుల్టన్ తరఫున వాదించడానికి లాయరే రాలేదు.

చేజ్ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూసినట్టు చూశాడు. తెల్ల అప్రెంటిస్‌కు చదవడం, రాయడం, లెక్కలు నేర్పాలని చట్టం చెబుతోంది. ఎలిజబెత్ పత్రంలో ఆ ఊసే లేదు. తెల్ల పిల్లను ఇంకొకరికి బదలాయించకూడదు. నల్ల పిల్లను అదే కౌంటీలో ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. పైగా నల్ల అప్రెంటిస్ మీద యజమానికి ఉన్నది 'ఆస్తి, హక్కు' అని చట్టమే అంది. తెల్ల పిల్లల విషయంలో ఆ మాట లేదు.

తీర్పు చాలా పొట్టిది. దీన్ని అప్రెంటిస్ అని పిలిచినా ఇది బలవంతపు దాస్యమే, బానిసత్వాన్ని నిషేధించిన రాజ్యాంగ 13వ సవరణకు విరుద్ధం అన్నాడు. తెల్లవాళ్ళతో సమానమైన రక్షణ లేదు కాబట్టి 1866 నాటి పౌరహక్కుల చట్టానికీ విరుద్ధం అన్నాడు. నల్లవాళ్ళు తెల్లవాళ్ళతో సమానంగా అమెరికా పౌరులేనని కూడా అందులో రాశాడు. పుట్టుకతో పౌరసత్వం ఇచ్చే 14వ సవరణకు అప్పటికింకా ఆమోదం పూర్తి కాలేదు, 1868 జూలైలో అయింది. పౌరసత్వం గురించి అంత పెద్ద మాట ఒక పనిపిల్ల కేసులో వచ్చిందంటే, ఆ పిల్ల పడిన కష్టం ఊరికే పోలేదు.

నార్త్ కరోలినాలో గెలిచిన కుటుంబం ఏది?

బ్రన్స్‌విక్ కౌంటీలో వైలీ ఆంబ్రోస్, హెప్సీ సాండర్స్ దంపతులు. హారియట్, ఎలైజా, జాన్ ఆలెన్ అనే ముగ్గురు పిల్లల్ని డేనియల్ రస్సెల్ అనే పెద్ద భూస్వామికి కోర్టు అప్పగించింది. తల్లిదండ్రులు రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 1867లో జడ్జి ఎడ్విన్ రీడ్ రాసిన తీర్పులో, ముందుగా కబురు పెట్టకుండా, వాళ్ళ మాట వినకుండా పిల్లల్ని కట్టిపెట్టడం చెల్లదన్నారు. ఇప్పుడు వింటే ఇంత చిన్న విషయమా అనిపిస్తుంది. నోటీసు ఇవ్వాలి, అంతే కదా అని. కానీ నోటీసంటే తల్లి కోర్టుకు రావడం, నోరు విప్పడం. ఈ వ్యవహారం అంతా నడిచిందే ఆవిడ రాకుండా.

ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో వీళ్ళ పక్షాన ఉందా?

ఉంది, లేదు కూడా. విడుదలైనవాళ్ళ బాగోగులకోసం 1865 మార్చి 3న కాంగ్రెస్ పెట్టిన ప్రభుత్వ విభాగం అది. జనరల్ ఆలివర్ హోవర్డ్ దానికి అధిపతి. తల్లులు మైళ్ళకొద్దీ నడిచి వచ్చి ఫిర్యాదులు రాయించింది ఈ ఆఫీసుల్లోనే. మంచి ఏజెంట్ దొరికిన చోట యజమానికి తాఖీదు వెళ్ళేది, పిల్ల ఇంటికి వచ్చేది.

అయితే బ్యూరోకు డబ్బు తక్కువ, రేషన్ ఖర్చంటే భయం. అనాథల్ని అదే బ్యూరో స్వయంగా అప్రెంటిస్‌లుగా పెట్టింది. రంగు తేడా చూపని రాష్ట్ర చట్టమైతే మాకు అభ్యంతరం లేదన్నది దాని వైఖరి. తేడా చట్టంలో లేకున్నా జడ్జి మనసులో ఉంటే ఏం చేయాలన్నది ఏజెంటు ఇష్టానికి వదిలేశారు. మన తాలూకా ఆఫీసులు చూసినవాళ్ళకు దీని అర్థం విడమర్చి చెప్పనక్కర్లేదు. అంతా ఆ కుర్చీలో ఉన్న మనిషిని బట్టి.

గొడవలన్నీ యజమానులతోనేనా? కుటుంబంలో కస్టడీ తగాదాలు లేవా?

ఉన్నాయి, వీటి గురించి తక్కువ మంది మాట్లాడతారు. బానిసత్వంలో బిడ్డ స్థితి తల్లిని బట్టి. వర్జీనియాలో 1662 నుంచీ చట్టం అదే, తల్లి బానిసైతే బిడ్డా బానిసే. విడుదలయ్యాక వీళ్ళకూ మామూలు చట్టం వర్తించింది. అందులో పెళ్ళైన దంపతుల బిడ్డ మీద మొదటి హక్కు తండ్రిది. అమ్మకాల వల్ల విడిపోయి, ఇద్దరికీ వేరే కాపురాలు ఏర్పడ్డాక, పదేళ్ళ పిల్ల ఎవరి దగ్గర ఉండాలి? ఈ మధ్యలో ఆ పిల్లను పెంచింది అమ్మమ్మో, పిన్నో, రక్తసంబంధమే లేని పక్క గుడిసె ముసలమ్మో అయి ఉండొచ్చు. ఆ పెంచినావిడకు చట్టంలో చోటే లేదు. ఇలాంటివన్నీ బ్యూరో ఏజెంట్ల బల్ల ముందుకే వచ్చేవి. ఎవరు పోషించగలరన్న ఒక్క కొలతతోనే వాళ్ళు చాలావరకు తేల్చేసేవారు. అది ఎప్పుడూ న్యాయంగా ఉండే కొలత కాదు.

తీర్పు రాగానే పిల్లలందరూ ఇళ్ళకు వెళ్ళిపోయారా?

లేదు. మేరీలాండ్‌లో ఇలా కట్టుబడినవాళ్ళు వేలల్లో ఉన్నారు. ఎలిజబెత్ గెలిచింది ఎలిజబెత్‌కోసం. తీర్పు చూపించి బెదిరిస్తే కొందరు యజమానులు వదిలేశారు. మొండికేసినవాళ్ళ మీద మళ్ళీ పిటిషన్, మళ్ళీ లాయరు, మళ్ళీ బాల్టిమోర్ ప్రయాణం. ఈలోగా పిల్లాడికి 21 వచ్చేస్తే కేసే ఉండదు. బ్యూరో కూడా 1872లో మూతపడింది.

బ్రిటిష్ వలసల్లో కూడా 'అప్రెంటిస్' అన్న మాట వింటాం. అదీ ఇదేనా?

అక్కడ పెద్దవాళ్ళనే అప్రెంటిస్‌లు అన్నారు. 1834 ఆగస్టు 1న బ్రిటిష్ కరీబియన్ దీవుల్లో బానిసత్వం పోయింది గానీ, చాలాచోట్ల ఆరేళ్ళు దాటినవాళ్ళందరూ పాత యజమాని దగ్గరే పని చేయాలన్నారు. 1838లో ఎత్తేశారు. ఆరేళ్ళలోపు పిల్లలకు వెంటనే స్వేచ్ఛ, కావాలంటే తల్లులు వాళ్ళనూ కట్టిపెట్టొచ్చు అన్నారు. తల్లులు దాదాపు ఎవరూ ఒప్పుకోలేదు. మారిషస్‌లోనూ ఇదే పద్ధతి 1839 దాకా నడిచింది. ఆ కాలంలోనే చెరకుతోటల్లో పనికి భారతదేశం నుంచి కూలీల్ని తేవడం మొదలైంది. తర్వాత కాకినాడ పక్కన కోరంగి రేవునుంచి ఓడలెక్కినవాళ్ళలో మన తెలుగువాళ్ళున్నారు. మారిషస్‌లో వాళ్ళకు 'కోరంగివాళ్ళు' అన్న పేరు అలాగే వచ్చింది.

ఆ కాగితాలు ఇప్పుడు చూడొచ్చా?

చూడొచ్చు. బ్యూరో రికార్డులు అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వాటిని స్కాన్ చేసి ఫ్యామిలీసెర్చ్ సైట్‌లో ఉచితంగా పెట్టారు. చేతిరాత గొలుసుకట్టు, మొదట్లో తల తిరుగుతుంది. స్మిత్సోనియన్ వాళ్ళు వలంటీర్లతో వీటిని టైపు చేయిస్తున్నారు. ఎక్కడున్నా చేరొచ్చు.

వెతికేటప్పుడు ఒక చిట్కా. పిల్లల పేరుతో మొదలెట్టకండి. చాలాచోట్ల పిల్లల్ని ఇంటిపేరు లేకుండా ఉత్త హెన్రీ అనో మేరీ అనో రాశారు. యజమాని పేరు మాత్రం నిండుగా, మధ్య అక్షరంతో సహా ఉంటుంది. దాన్ని పట్టుకుని వెళ్తేనే కింద పిల్లలు కనిపిస్తారు.